బొడ్డుతాడు నెత్తురు: కరపత్రముల శాస్త్రము

పుట్టబోవు బిడ్డ బొడ్డుతాడులోని నెత్తురును దాచియుంచుడని గర్భవతులకును వారి భర్తలకును బోధించు కరపత్రములు మన నగరములలోని ప్రసూతి వైద్యశాలలలో కొన్ని సంవత్సరములుగా కనబడుచున్నవి. ఈ నెత్తురులో మూలకణములు కలవనియు, ఇది బిడ్డకు జీవితాంతము నిలుచు బీమా యనియు, 80కి పైగా రోగములకు మందనియు వానిలో వ్రాసియుండును. రుసుము వేల రూపాయలలో నుండును. వాయిదాల పద్ధతియు కలదు. ఇట్టి కాగితమును గూడ ఒక గ్రంథమును పరీక్షించినట్లే పరీక్షింపవలసియున్నది. ఏలయన దానిని చదివి నమ్మినవారు గ్రంథపు వెలకంటె ఎన్నో రెట్లు చెల్లించుచున్నారు.

మొదట పేరు సంగతి. జర్మను శాస్త్రజ్ఞుడు హేకెల్ 1868లో ఈ పదమును వాడినపుడు ఆయన మనస్సులో నున్నది వంశవృక్షము. సమస్త జీవులకును పూర్వికుడైన ఏకకణజీవిని ఆయన ఆ వృక్షపు మొదలుగా భావించెను. తెలుగులో మూలకణ మను మాట చక్కగనే కుదిరినది. కాని ‘మూలము’ అనగానే దానినుండి ఏదైనను పుట్టునని చదువరి తలచును. కరపత్రములకు కావలసినది ఈ భ్రమయే.

మూలకణమునకు లక్షణములు రెండు. అది విభజన చెంది తనవంటి కణమును మరల పుట్టించుకొనగలదు. పని చేయు ప్రత్యేక కణములనుగూడ పుట్టింపగలదు. అయితే ఏయే కణములను పుట్టింపగలదను విషయమున వీనిలో మిక్కిలి భేదము కలదు. పిండము తొలి దినములలోని కణములు శరీరమునందలి ఏ ధాతువుగానైనను మారగలవు. మానవ పిండమునుండి అట్టివానిని తీసి పెంచుట 1998లో అమెరికాలో థామ్సన్ బృందమునకు సాధ్యమైనది. ఎదిగిన దేహములోని మూలకణములకు ఇంత శక్తి లేదు. 1961లో కెనడాలోని టొరాంటో నగరమున టిల్, మెకల్లక్ అను ఇరువురు, వికిరణముచేత మజ్జ నశించిన ఎలుకలకు ఇతర ఎలుకల ఎముకమజ్జను ఎక్కించిరి. పది దినములకు వాని ప్లీహములపై చిన్న చిన్న బొడిపెలు లేచెను. ఒక్కొక్క బొడిపెయు ఒకే కణమునుండి పుట్టినదని 1963లో తేలినది. ఆ బొడిపెలలో నున్నవన్నియు నెత్తురు కణములే. మెదడు కాని గుండె కాని అందులో మొలకెత్తలేదు. బొడ్డుతాడు నెత్తురులో ప్రధానముగా నున్నవి ఈ రక్తజనక మూలకణములే.

ఇక ‘బీమా’ అను మాట. ఈ నెత్తురుతో తొలి చికిత్స 1988లో పారిస్ నగరమున ఎలియాన్ గ్లుక్మన్ చేసెను. ఫాన్కోనీ రక్తహీనత అను జన్యురోగముతో బాధపడుచున్న బాలునికి ఎక్కించినది అతని బొడ్డుతాడు నెత్తురు కాదు, అప్పుడే పుట్టిన చెల్లెలిది. ఈ ఒక్క విషయము కరపత్రములోని సగము మాటలకు సమాధానము చెప్పుచున్నది. రోగము జన్యువులోనే యున్నపుడు బిడ్డ స్వంత మూలకణములలోను ఆ లోపమే యుండును. వానిని దాచి తిరిగి ఎక్కించినచో రోగమే తిరిగి వచ్చును. రక్తపు కాన్సరులలోను చిక్కు కలదు. బాల్యమున వచ్చు కొన్ని లుకీమియాలకు కారణమగు మార్పు పుట్టుకనాటికే కణములలో నుండవచ్చును. పైగా పరుల కణములు కాన్సరు కణములను శత్రువులుగా గుర్తించి చంపును. స్వంత కణములకు ఆ గుణము లేదు.

తలసీమియాను తీసికొందము. జన్యురోగములను గుర్తించు పనిలో పేరు పొందిన సి.డి.ఎఫ్.డి. సంస్థ ఒకప్పుడు నాచారములో నుండి, నేడు ఉప్పల్‌లో స్వంత ఆవరణమున నున్నది. బీటా తలసీమియాకు కారణమగు జన్యువు 11వ క్రోమోసోముపై నున్నది. తల్లిదండ్రులిరువురును వాహకులైనపుడు ప్రతి కానుపులోను బిడ్డకు రోగము రాకుండుటకు నాలుగింట మూడు వంతులు అవకాశము. అన్నకో అక్కకో ఆ బిడ్డ కణములు సరిపోవలెనన్న 6వ క్రోమోసోముపైనున్న ధాతుసామ్య జన్యువులు కలియవలెను. దీనికి నాలుగింట ఒక వంతు. ఈ రెండును వేర్వేరు క్రోమోసోములపై నున్నవి గనుక గుణించిన 3/16 వచ్చును. తరగతిలో మెండెల్ బఠానీలతో చేయించు లెక్కయే ఇది. ఇంటిలో రోగి యున్నపుడు 3/16 చిన్న సంఖ్య కాదు. అట్టి కుటుంబము తరువాతి కానుపున బొడ్డుతాడు నెత్తురును దాచుట సమంజసము. భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి నియమావళియు ఇదే చెప్పుచున్నది. బిడ్డ తన స్వంత ఉపయోగమునకై దాచుకొనుటకు శాస్త్రీయమైన ఆధారము లేదని అది స్పష్టముగా పలికినది.

80 రోగముల జాబితా అబద్ధము కాదు, అంతకంటె చమత్కారమైనది. అందలి పేర్లలో అధిక భాగము నెత్తురుకు, రోగనిరోధక వ్యవస్థకు, జీవక్రియకు సంబంధించిన రోగములవి. వానికి చికిత్స జరిగినది చాలవరకు ఇతరుల కణములతో. ఇతరుల కణములు సాధించిన జయమును చూపి స్వంత కణములు దాచుటకు సొమ్ము అడుగుట ఇందలి కిటుకు. ఒక బొడ్డుతాడునుండి వచ్చు నెత్తురు కొద్దిపాటిది. పెద్దవానికి అందలి కణములు తరచుగా చాలవన్న సంగతి జాబితా క్రింద చిన్న అక్షరములలోనైన కనబడదు.

మూలకణ చికిత్స యంతయు బూటకమని దీనివలన తలపరాదు. జయమునకు నిదర్శనము ఈ నగరములోనే కలదు. కంటి నల్లగ్రుడ్డును కప్పియున్న పారదర్శకమైన పొర అరుగుచుండగా దానిని తిరిగి పుట్టించు కణములు నలుపు, తెలుపు కలియు అంచున నుండును. తాంబూలపు సున్నము పడిన పిల్లలకును, ఆమ్లములు చిందిన కార్మికులకును ఈ అంచు కాలిపోయి కన్ను పొరలు క్రమ్మును. బంజారా హిల్సులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థలో 2001 నుండి మంచి కంటి అంచు ముక్కను ప్రయోగశాలలో పెంచి చెడిన కంటికి అంటించుచు వచ్చిరి. డాక్టరు వీరేందర్ సంగ్వాన్, డాక్టరు గీతా వేముగంటి ఈ పనికి ముఖ్యులు. అక్కడి పరిశోధనకు పెద్దగా నున్న డి. బాలసుబ్రహ్మణ్యన్ అంతకుముందు ఉప్పల్ రోడ్డులోని సి.సి.ఎం.బి.కి 1993 నుండి 1998 వరకు డైరెక్టరు. 2012లో వారు మరియొక పద్ధతిని ప్రకటించిరి. రెండు మిల్లీమీటర్ల ముక్కను తీసి, ఎనిమిది పది తునకలు చేసి, ఉమ్మనీటి పొరపై పరచి నేరుగా కంటిమీదనే పెరుగనిచ్చుట. దీనితో ఖరీదైన ప్రయోగశాల అక్కరయే తప్పినది! తాము కట్టుకొన్న ప్రయోగశాల అవసరమును తామే తగ్గించుకొనిన సంస్థను విమర్శకుడు మెచ్చుకొనక తప్పదు.

2016లో వెలువడిన లెక్కలలో 125 మంది రోగులలో 95 మందికి ఫలితము నిలిచినది. అనగా 30 మందికి నిలువలేదు. ఆ 30ని దాచకుండుటయే ఆ పత్రమునకు విలువ. వెన్నెముక దెబ్బలకును, పిల్లల ఆటిజమునకును మూలకణములు ఎక్కింతుమని లక్షల రూపాయలు పుచ్చుకొను చికిత్సాలయముల ప్రకటనలలో కోలుకొనిన వారి ఛాయాచిత్రములే యుండును. ఎందరికి ఎక్కించిరి, ఎందరికి గుణము కలుగలేదు అను అంకెలు ఉండవు. రక్తనాళములోనికి ఎక్కించిన కణములలో పెక్కు ఊపిరితిత్తులలోనే చిక్కుపడుచున్నవని ప్రయోగములు చూపినవి. మెదడునకు దారి ఎట్లు వెదకికొనునో ప్రకటన చెప్పదు. వైద్య పరిశోధన మండలి 2007లో వెలువరించిన సూత్రముల శీర్షికలో ‘పరిశోధన, చికిత్స’ అని యుండెను. 2013లో సవరించినపుడు ‘చికిత్స’ అను మాటను శీర్షికనుండి తొలగించిరి. ఆటిజమునకు ఈ చికిత్స తగదని జాతీయ వైద్య కమిషను 2022లో చెప్పినది.

సి.సి.ఎం.బి.లో జ్యోత్స్నా ధావన్ బృందము పరిశోధించిన ప్రశ్న ఇచట స్మరింపదగినది. కండరములలోని మూలకణములు దీర్ఘకాలము నిద్రించియుండి గాయము తగిలినపుడే మేల్కొనును. ఆ నిద్రను ఏది కాపాడుచున్నది? వేళగాని వేళ మేల్కొని ఆగక విభజన చెందు కణము ఎంత ప్రమాదకరమో కాన్సరు రోగమే చెప్పుచున్నది. ఇట్టి ప్రశ్నలకు సమాధానము ఏండ్ల తరబడి వెదకుచుండగా, రహదారి ప్రక్కన ప్రకటన ఫలకము మాత్రము సమాధానము దొరికినదనియే చెప్పుచున్నది.

మరియొక లోపము శాస్త్రజ్ఞుల వైపుననే కలదు. బొడ్డుతాడు కరపత్రము తేట తెలుగులో దొరకును. దానిని ఖండించు 2017 నియమావళి ఆంగ్లమున వెలువడినది. ప్రసవమునకు నెల దినములున్న దంపతులు దానిని వెదకి చదువుట కల్ల. నాలుగు పుటల తెలుగు పత్రమొకటి, 3/16 లెక్కతో సహా, ప్రసూతి వైద్యశాలలలో ఆ కరపత్రముల ప్రక్కనే ఉంచుటకు పెద్ద వ్యయము కానేరదు.