ముందు నీళ్ళు, తర్వాతే చేప

నత్త మెల్లగా ట్యాంకు అద్దం మీద పాకుతోంది. దానికి జానెడు దూరంలో బఠాణీ గింజంత చేప ఒకటి కదలకుండా నిలబడింది. ఒక కన్ను నత్త మీద, రెండోది నా మీద. ఈ చేపలు ఏ కన్నుకా కన్ను విడిగా తిప్పగలవు. నత్త కొమ్ము బయటపెట్టీ పెట్టగానే టక్కున కొరికి వెనక్కి జరిగింది.

ఇది పీ పఫర్. కేరళ నదుల చేప. 1941లో సుందర్‌లాల్ హోరా, కె.కె. నాయర్ దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. తిరువాన్కూరు పేరే దాని శాస్త్రీయ నామంలో నిలిచిపోయింది. ఎంత పెరిగినా దాదాపు 3.5 సెంటీమీటర్లే. బతుకంతా మంచినీళ్ళే.

పఫర్లన్నీ ఇంతే అనుకుంటే దెబ్బతింటాం. నేను తిన్నాను. పచ్చటి ఒంటి మీద నల్లచుక్కలున్న పఫర్ పిల్లను చూపించి, "మంచినీళ్ళలో బతికేస్తుందండీ" అన్నాడు దుకాణంలో కుర్రాడు. కొన్ని నెలలు బతికింది కూడా. తర్వాత రంగు మాసి, తిండి మానేసి, ఓ మూలకు చేరింది. ఆ గ్రీన్ స్పాటెడ్ పఫర్ నది సముద్రంలో కలిసేచోట ఉండే చేప అని నాకు ఆలస్యంగా తెలిసింది. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు ఎరిగినవాళ్ళకు అలాంటి నీళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. పిల్లప్పుడు ఉప్పు తక్కువైనా ఓర్చుకుంటుంది, పెద్దయ్యేకొద్దీ ఎక్కువ కావాలి. 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది కనుక ఒక్కదానికే 150 లీటర్ల ట్యాంకైనా ఉండాలి. దానికన్నా చిన్నదైన ఫిగర్ ఎయిట్ పఫర్‌కు 70 లీటర్లు, లీటరుకు సుమారు 8 గ్రాముల ఉప్పు చాలు.

ఉప్పంటే వంటింటి కల్లుప్పు కాదు, మెరైన్ సాల్ట్. అందులోని కార్బనేట్ల వల్లే పీహెచ్ 8 దగ్గర నిలుస్తుంది. చేతి అంచనా పనికిరాదు. భీమవరం వైపు రొయ్యల రైతులు చెరువు నీళ్ళ ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటరే ఇక్కడా కొలత.

పీ పఫర్‌కు ఉప్పు గొడవ లేదు. చిన్నదే కదా అని గాజు గిన్నెలో మాత్రం వేయకూడదు. నీళ్ళు ఎంత తక్కువైతే మలినం అంత త్వరగా విషమవుతుంది. ఒక్కదానికి 20 లీటర్లు, ఆరింటికి 80 లీటర్ల దాకా ఉండాలి. వేడి 24 నుంచి 28 డిగ్రీలు, పీహెచ్ 7 నుంచి 7.8. మగవి ఒకదాన్నొకటి తరుముకుంటాయి. అందుకే ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉంచి, ఒకదాని కంట ఒకటి పడకుండా మొక్కలు దట్టంగా నాటాలి. వేరే జాతి చేపల్ని కలిపితే వాటి రెక్కలు చిరుగుతాయి. వడి లేని స్పాంజ్ ఫిల్టర్ వీటికి హాయి.

అసలు విద్య నీళ్ళను సిద్ధం చేయడంలో ఉంది. చేప విసర్జనలోంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ సేన ఫిల్టర్లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాత ట్యాంకు నుంచి స్పాంజ్ ముక్క తెచ్చి వేస్తే పాలకు తోడు వేసినట్టే, పని తొందరగా సాగుతుంది. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా చేప దిగకూడదు. కుళాయి నీళ్ళకు యాంటీ క్లోరిన్ చుక్కలు తప్పనిసరి. శుభ్రమని ఒట్టి ఆర్వో నీళ్ళు పోస్తే ఖనిజాలు లేక పీహెచ్ నిలకడ తప్పుతుంది. చేప దిగాక వారం వారం మూడోవంతు నీళ్ళు మార్చడమే పూజ.

ఇంత ఓపిక ఎందుకంటే, పీ పఫర్ అంతరించే ముప్పున్న జాతుల ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఉంది. నదిలోంచి తీసిన ప్రతి చేపా అక్కడ ఒకటి తగ్గినట్టే. ట్యాంకులో పుట్టిన పిల్లల్ని అడిగి కొనడం మేలు.

రెండోసారి పఫర్‌ను తెచ్చే ముందు నెలన్నర పాటు మా ట్యాంకులో మొక్కలూ నీళ్ళూ తప్ప ఏమీ లేవు. ఇంటికొచ్చిన బాబాయి చుట్టూ తిరిగి చూసి, "ట్యాంకు బాగుందిరా, చేపలేవీ?" అన్నాడు.

"ఇప్పుడు నీళ్ళు పెంచుతున్నాను బాబాయ్" అన్నాను.