మౌనాన్ని నమ్మకం అనుకుంటే

మెరిటోక్రసీ అనే మాట ప్రచారంలోకి వచ్చింది మైకేల్ యంగ్ 1958లో రాసిన వ్యంగ్య రచన ‘ద రైజ్ ఆఫ్ ద మెరిటోక్రసీ’తో. తెలివికి శ్రమ కలిపితే ప్రతిభ. చదువూ, ఉద్యోగమూ, అధికారమూ ఆ కొలత ప్రకారమే. బ్రిటన్ 2033 నాటికి అలా మారిపోయిన వైనాన్ని ఒక సామాజిక శాస్త్రవేత్త మురిసిపోతూ చెబుతాడు. ఆ వెక్కిరింతను మరచి లోకం ఆ మాటను మెప్పుగా వాడుకుంది. బ్లెయిర్ అలా వాడినందుకు యంగ్ 2001లో పత్రికాముఖంగా అభ్యంతరం చెప్పాడు.

ప్రతిభను నమ్మితే రాజ్యం మీద నమ్మకం కుదురుతుందా? కథకుడికి సందేహమే లేదు. పూర్వం పేదవాడు ‘నాకు అవకాశం రాలేదు’ అనగలిగేవాడు. ఇప్పుడు పరీక్ష పెట్టి మరీ పక్కన పెట్టారు, ఇంకెవరిని తప్పుపడతాడు? తెలివైన పిల్లలంతా పైకి వెళ్ళిపోయాక కామన్స్ సభలో కిందివాళ్ళ గొంతూ బలహీనపడుతుంది. తన మీద తనకే నమ్మకం పోయిన మనిషి మౌనాన్ని కథకుడు ప్రభుత్వం మీద విశ్వాసం అనుకుంటాడు.

ఆ మౌనాన్ని స్త్రీలే బద్దలుకొడతారు. పెద్ద చదువులు చదివిన అమ్మాయిలు సర్జన్లు, శాస్త్రజ్ఞులు కావడం మాని ఫ్యాక్టరీ కూలీలుగా, టికెట్ కలెక్టర్లుగా చేరతారు. కథకుడికి ఇది ఆడవాళ్ళ ఆవేశంగా కనిపిస్తుంది. రాబోయే మే నెల సమ్మెతో ఏమీ కాదని తేల్చేస్తాడు. చివర ప్రచురణకర్తల ఫుట్‌నోట్: రచయిత పీటర్‌లూలో మరణించినందున ప్రూఫులు చూపించలేకపోయాం. 1819లో ఓటు హక్కు అడిగిన జనం మీదికి గుర్రపు దళం దూకిన చోటు అది.

మన దగ్గర 1990లో మండల్ సిఫార్సుల అమలుకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చిన విద్యార్థినులు ఇందుకు ఎదురుదిక్కులో నడిచారు. వాళ్ళు అక్కడ కులమూ జెండరూ లేని పౌరులుగా నిలబడ్డారని సూసీ తారు, తేజస్విని నిరంజన 1994 నాటి వ్యాసంలో గుర్తించారు. రాజ్యం మెరిట్‌కు ద్రోహం చేసిందన్నది ఆ ఉద్యమం ఆక్రోశం. తలుపులు ఇతరులకు కూడా తెరుచుకోగానే చెదిరే నమ్మకం అది. దాన్ని సంస్థల మీద గౌరవం అనడం కష్టం.

యంగ్‌తో నాకున్న పేచీ వేరు. అతని భవిష్యత్తులో ప్రతిభావంతుల ఇళ్ళకు పనివాళ్ళను ప్రభుత్వమే సమకూరుస్తుంది. తిరుగుబాటు నాయకత్వం మాత్రం చదువుకున్న స్త్రీలదే. అంట్లు తోమే ఆమె అందులో లేదు. ర్యాంకులతో, డిగ్రీలతో ఇక్కడిదాకా వచ్చిన మనం ఈ పుస్తకాన్ని చదవాల్సింది ఆమె వైపు నుంచి. ఆమె మౌనాన్ని మనం ఏమనుకుంటున్నాం?