నారదుడి పువ్వూ, ఆఫీసు బొకే

కొత్త మేనేజరు సీట్లో కూర్చున్న రోజున ఆయన టేబుల్ ఎప్పుడైనా చూశారా? పదో పదిహేనో బొకేలు. కాంట్రాక్టరుది ఒకటి, సరుకు సప్లై చేసే కంపెనీది ఒకటి, యూనియన్‌ది ఒకటి. ఇచ్చేవాడు వంగి ఇస్తాడు. పుచ్చుకునేవాడు కెమెరా వైపు చూస్తూ పుచ్చుకుంటాడు. ఫోటో అయిన మరుక్షణం అది అటెండరు చేతిలోకి వెళ్ళిపోతుంది. సాయంత్రానికి గోడవారకి, మర్నాటికి చెత్తబుట్ట పక్కకి. బుట్టలో పట్టదు కదా!

పువ్వుని ఇలా వ్యవహారాల్లోకి దింపితే ఏమవుతుందో చెప్పే పుస్తకం మనకి ఎప్పుడో ఉంది. పదహారో శతాబ్దంలో నంది తిమ్మన రాసిన 'పారిజాతాపహరణం'. నవ్వకండి. కాలేజీలో మాకు ఆ కావ్యాన్ని సత్యభామ అలకతో మొదలుపెట్టి అలకతోనే ముగించారు. ఆవిడ ఎడమకాలితో కృష్ణుణ్ణి తన్నిన ఘట్టం దగ్గర మగపిల్లలంతా బల్లలు చరిచారు. పాఠం చెప్పేవాళ్ళ దృష్టి కూడా ఆ కాలి మీదే. అసలు పువ్వు తెచ్చినవాణ్ణి పట్టించుకోలేదని నా ఫిర్యాదు.

నారదుడు కృష్ణుడికి ఏమవుతాడు? చుట్టమూ కాడు, ఇరుగూ పొరుగూ కాడు. గడప గడపా తిరగడమే ఆయన ఉద్యోగం. అలాంటివాడు, కృష్ణుడు రుక్మిణి ఇంట ఉన్న వేళ చూసి వచ్చాడు. చేతిలో ఒక్కటంటే ఒక్క పారిజాతం. ఎనిమిది తెచ్చి ఉంటే కథే లేదు! ఏమీ అడగలేదు, ఇచ్చాడంతే. పక్కనే భార్య ఉండగా కృష్ణుడు ఆ పువ్వు ఆవిడకి ఇవ్వక ఏం చేస్తాడు? ఇచ్చాడు. ఆ సంగతి చెలికత్తె సత్యభామ చెవిన వేసింది. ఆపైన కృష్ణుడు స్వర్గానికి వెళ్ళి, ఇంద్రుడితో యుద్ధం చేసి, చెట్టుకి చెట్టే పెకలించుకు రావలసి వచ్చింది. అంతటితో అయిందా? పుణ్యక వ్రతం పేరుతో సత్యభామ ఆ చెట్టుతో పాటు మొగుణ్ణి కూడా నారదుడికే దానమిచ్చింది. ఖాతా చూడండి. పెట్టుబడి ఒక పువ్వు, రాబడి సాక్షాత్తూ శ్రీకృష్ణుడు! తర్వాత వెల పుచ్చుకుని వదిలేశాడనుకోండి.

తిమ్మనకి తెలిసినదేమిటంటే, పువ్వుకి ఖరీదు లేదు కనుకనే దాన్ని కాదనలేం. వెండి పళ్ళెం తెస్తే అధికారి "తీసుకుపోవయ్యా" అనగలడు. అనకపోతే అది లంచమని అందరికీ తెలుస్తుంది. పువ్వుని ఎవరు వద్దంటారు? వద్దన్నవాడిదే అమర్యాద. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమాలలో, ఎప్పుడో ఒక పూట భోజనం పెట్టడం, కారులో ఎక్కించుకోవడం బహుమతి కింద లెక్క కాదన్నారు. అంటూనే, తమతో పని ఉన్న కంపెనీల దగ్గర పదే పదే ఆతిథ్యం పొందవద్దనీ అన్నారు. రాసినవాళ్ళు లోకం తెలిసినవాళ్ళు. వాళ్ళ భయం భోజనం ఖరీదుకి ఒక్కదానికే కాదు, ఆ "పదే పదే"కి. బొకే చేసే పనీ అదే, మమ్మల్ని మరిచిపోకండి అని చెప్పడం. మధ్యలో గుచ్చిన విజిటింగ్ కార్డు కోసమే చుట్టూ అన్ని పూలు!

2017 జూన్‌లో ప్రధాని మోదీ 'మన్ కీ బాత్'లో, బొకేకి బదులు పుస్తకం ఇవ్వమన్నారు. పుస్తకాలు రాసుకునేదాన్ని, కాదంటానా? కాకపోతే కార్డు పుస్తకంలోనూ పడుతుంది.

పారిజాతానికి వాసనైనా ఉంది. మన బొకేలో ఉండే జెర్బెరా చూడటానికి పళ్ళెమంత ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ ఉండదు. కాడ వాలిపోకుండా తీగ చుడతారు. గులాబీలా, దూరప్రయాణం తట్టుకుని రోజుల తరబడి నిలవడానికి పెంచినవి. ఆ బేరంలో వాసన పోయింది. మరి మల్లెపూలు ఎవరూ ఆఫీసులో ఎందుకివ్వరు? ఇవ్వలేరు. పూలు మనం "పెడతాం". తల్లి కూతురికి, అత్త కోడలికి, ఇంటావిడ పేరంటాలికి పెడుతుంది. ఏ కాంట్రాక్టరో మేనేజరమ్మకి మూర మల్లెలు తెచ్చి ఇస్తే సాయంత్రానికి ఆఫీసంతా ఏమనుకుంటుందో వేరే చెప్పాలా? వాసన ఉన్న పువ్వుకి మన దగ్గర అర్థం కూడా ఉంటుంది. అర్థాలు తీయని పువ్వు కావాలి వ్యాపారానికి.

ఇంతటితో ఆపేస్తే నాకు హాయిగా ఉండేది. కాని నేనెరిగినావిడ ఒకరున్నారు. భర్త పోతే కారుణ్య నియామకం కింద గుమాస్తాగా చేరి, ఇరవై ఏళ్ళకి ఆఫీసరయ్యారు. ఆ రోజు తోటి ఆడవాళ్ళు తెచ్చుకున్న పూలు పంచుకుంటున్నవాళ్ళల్లా, ఆవిడ రాగానే పొట్లం బ్యాగులో దాచేశారట. ఇవ్వాలని లేక కాదు, చెయ్యి రాలేదు. భర్త ఉంటేనే పువ్వు అన్న షరతు మనం పెట్టుకున్నదే మరి! ఇంతలో ఏదో కంపెనీ కుర్రాడు వచ్చి, ఆవిడ నుదురూ జడా ఏదీ చూడకుండా, ఇంత బొకే చేతుల్లో పెట్టి, "కంగ్రాచ్యులేషన్స్ మేడమ్" అన్నాడు. బిల్లు పాసు కావాలి కాబోలు.

ఆవిడ దాన్ని అటెండరుకి ఇవ్వలేదు. సిటీబస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళారు. స్టీలు చెంబులో నీళ్ళు పోసి పెడితే అయిదు రోజులున్నాయట. పిల్లలు ముట్టుకుంటే కేకలేశారట కూడా.

తిమ్మన తూకంతో తూస్తే అది అచ్చంగా నారదుడి పువ్వే. కాని ఇన్నేళ్ళలో ఆవిడకి ఒక పువ్వంటూ ఇచ్చినవాడు ఆ కుర్రాడే. ఇప్పుడు నేను దీన్ని ఏ పద్దులో రాయాలి?

అతని బిల్లు సంగతేమయిందని అడిగాను. వరసలో దాని వంతు వచ్చాకే పాసయిందట.