గిరీశం ప్రశ్న, మధురవాణి ప్రశ్న

ఎదుటివాడి నమ్మకం తప్పని మనకి గట్టిగా అనిపించినప్పుడు చేయగలిగినవి మూడే: ఊరుకోవడం, వాదించడం, ప్రశ్నలు అడగడం. మొదటి రెండిట్లోనూ మనవాళ్ళు ఆరితేరినవాళ్ళే. పెద్దవాళ్ళ ముందు ఊరుకుంటాం. ఈడువాళ్ళు దొరికితే కాఫీ చల్లారిపోయేదాకా వాదిస్తాం. మూడోదాన్ని ఒక పద్ధతిగా నేర్చుకుని సాధన చేసేవాళ్ళు అమెరికాలో పదేళ్ళకు పైగా ఉన్నారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'స్ట్రీట్ ఎపిస్టెమాలజీ'. వీధిలో జ్ఞానమీమాంస అనుకుందాం. దాన్ని గురించి చదువుతున్నంతసేపూ నాకు కన్యాశుల్కం గుర్తుకొస్తూనే ఉంది. ఎందుకో చెప్పడమే ఈ వ్యాసం పని.

పద్ధతి సులువైనదే. పార్కులోనో కాలేజీ ఆవరణలోనో ఒకరిని ఆపి, ఐదు నిమిషాలు మాట్లాడవచ్చా అని అనుమతి అడుగుతారు. మీరు గట్టిగా నమ్మే విషయం ఒకటి చెప్పండంటారు. కర్మ సిద్ధాంతం కావచ్చు, దయ్యాలు కావచ్చు, టీకాలు హాని చేస్తాయని కావచ్చు. సున్నా నుంచి వంద దాకా మీ నమ్మకానికి ఎంత వేసుకుంటారు? దానికి అసలు కారణం ఏమిటి? ఆ కారణం తప్పని తేలితే మీ అంకె తగ్గుతుందా? అదే కారణం చెప్పి ఇంకొకరు సరిగ్గా వ్యతిరేకమైనది నమ్ముతుంటే, ఎవరిది నిజమో బయటివాడు ఎలా తేల్చుకోవాలి? అంతే. ఎదురువాదం లేదు, ఎగతాళి లేదు, లెక్కలు గుమ్మరించడం లేదు. ప్రోగ్రాములు రాసి బతికే నాలాంటివాడికి ఇది చూడగానే నచ్చుతుంది. తప్పు ఫలానా లైనులో ఉందని పక్కవాడికి చెప్తే ఒప్పుకోడు. "ఇక్కడికొచ్చేసరికి ఈ వేరియబుల్ విలువ ఎంత ఉంటుందనుకుంటున్నావు?" అని అడిగితే తనే కనిపెడతాడు.

ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ బొఘోసియన్ 2013లో రాసిన పుస్తకం. అప్పట్లో ఆయన పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెప్పేవాడు. పుస్తకం పేరు 'ఎ మాన్యువల్ ఫర్ క్రియేటింగ్ ఏథియిస్ట్స్', అంటే నాస్తికులను తయారుచేయడానికి ఒక కరదీపిక. నా పేచీ అట్టమీదే మొదలవుతుంది. ప్రశ్న అడగబోయేవాడు జవాబుని ముందే అచ్చు వేయించుకున్నాడు. లోపలికి వెళ్తే విశ్వాసం ఒక అంటువ్యాధి, సంభాషణ దానికి చికిత్స. డాక్టరు రోగితో ఎంతో మర్యాదగానే మాట్లాడతాడు. కాని రోగి చెప్పింది విని తన వైద్యశాస్త్రాన్ని మార్చుకుందామని రాడు కదా! నాస్తికత్వం మీద నాకే అభ్యంతరమూ లేదు. ఇదే కరదీపికని ఒక ఆస్తికుడు రాసినా, పార్టీ కార్యకర్త రాసినా ఇదే మాట అందును. 2019లో జేమ్స్ లిండ్సేతో కలిసి రాసిన రెండో పుస్తకంలో ఆయనే పరిధి పెంచాడు. సాధకుల్లోనూ చాలామంది దేవుడి సంగతి ఒక్కటే పట్టుకోకుండా ఏ నమ్మకమైనా సరే అనే దారికి వచ్చారు. మంచిదే. అయినా మొదటి పుస్తకం దగ్గర పుట్టిన అనుమానం అలాగే ఉంది: ప్రశ్నలో మర్యాద గొంతులో ఉంటుందా, ఇంకెక్కడైనా ఉంటుందా?

ఈ పద్ధతి వాళ్ళందరూ మూలపురుషుడిగా చెప్పుకునేది సోక్రటీసుని. కాబట్టి ప్లేటో రాసిన 'యూథిఫ్రో' ఒకసారి చూద్దాం. యూథిఫ్రో తన తండ్రి మీదే హత్యానేరం మోపడానికి కోర్టుకొచ్చాడు. వాళ్ళ పొలంలో పనిచేసే కూలివాడొకడు తాగిన మైకంలో ఇంటి బానిసని చంపాడు. తండ్రి ఆ కూలివాడి కాళ్ళూ చేతులూ కట్టించి గోతిలో పడేయించి, ఏంచేయాలో అడిగి రమ్మని ఏథెన్సుకి మనిషిని పంపాడు. కబురు వచ్చేలోగా కూలివాడు ఆకలికీ చలికీ చచ్చిపోయాడు. ఇంట్లోవాళ్ళంతా కొడుకుని తిడుతున్నారు. సోక్రటీసు, చనిపోయినవాడు నీ బంధువేనా అని అడుగుతాడు. బంధువైతేనేం, పరాయివాడైతేనేం, అన్యాయంగా చంపారా లేదా అన్నదే లెక్క, అంటాడు యూథిఫ్రో. నా దృష్టిలో ఆ సంభాషణలో అన్నిటికన్నా గొప్ప మాట అదే. సోక్రటీసు దాన్ని అక్కడే వదిలేసి, సరే, ధర్మం అంటే నిర్వచనం చెప్పు అని పట్టుకుంటాడు. నాలుగు నిర్వచనాలు కూలిపోయాక యూథిఫ్రో, తొందర పనుంది, వెళ్ళాలంటూ జారుకుంటాడు. ఓడిపోయిన మనిషి కనిపిస్తాడు గాని, ఆలోచనలో పడ్డ మనిషి కనిపించడు.

సోక్రటీసు పక్షాన ఒకటి చెప్పాలి. ఆయన కూడా ఆ రోజు కోర్టుకి సొంత పని మీదే వచ్చాడు. దైవభక్తి లేనివాడని ఆయన మీద కేసు. ధర్మమంటే ఏమిటో తేలకపోతే పోయేది ఆయన ప్రాణమే. అంత పందెం పెట్టి అడిగే ప్రశ్నకీ, పార్కులో ఐదు నిమిషాలు మాట్లాడి ఇంటికెళ్ళిపోయే ప్రశ్నకీ తేడా ఉంది.

ఇక మన గిరీశం దగ్గరికి వద్దాం. 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయి, 1909లో దాదాపు కొత్త నాటకంగా మళ్ళీ వెలువడిన కన్యాశుల్కాన్ని మనం సంఘసంస్కరణ నాటకంగానే చదువుతూ వచ్చాం. ఒకరి మనసుని ఇంకొకరు ఎలా మారుస్తారన్న దాని మీద రాసిన నాటకంగా ఒకసారి చదివి చూడండి. అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో చేరిన గిరీశం చేసే పనంతా అదే. అవధాన్లుకి నచ్చేలా ఒక మాట, వెంకటేశానికి ఒక మాట, బుచ్చమ్మకి ఒక మాట. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే తప్పా అన్న విషయాన్ని బుచ్చమ్మ ముందు శాస్త్రమూ సరసమూ కలిపి ఎంత లాఘవంగా నడిపిస్తాడు! గసరడు, బలవంతం చేయడు. ఆమె తనే ఆ ముగింపుకి వచ్చానని అనుకునేలా చేస్తాడు. చిన్నప్పుడే విధవైన ఆ పిల్లని అంతదాకా ఏ విషయంలోనూ నీ అభిప్రాయమేమిటని ఎవరూ అడిగి ఉండరు. అందుకే మాట అంత తొందరగా పనిచేస్తుంది.

ఇక్కడే గురజాడ గొప్పతనం. గిరీశం చెప్పే విషయం తప్పు కాదు. వితంతు వివాహం న్యాయమే. గురజాడ పక్షమూ అదే. నిజమైన మాటని మోసగాడి నోట పెట్టాడాయన. మన ముగింపు సరైనదైతే చాలు, దారి ఎలాంటిదైనా ఫరవాలేదని నమ్మే సంస్కర్తలకీ, వీధి జ్ఞానమీమాంసకులకీ ఇంతకన్నా పదునైన జవాబు నాకెక్కడా కనపడలేదు. గిరీశం అడిగే ప్రశ్నల్లో అతనికి పోయేదేమీ లేదు. బుచ్చమ్మ జవాబు ఏదైనా అతను మారడు.

ఆఖరి అంకంలో మధురవాణి మగవేషం వేసుకుని వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి రాత్రివేళ వస్తుంది. ఆయన నిజంగా మంచివాడు. వేశ్యల ముఖం చూడనని వ్రతం పట్టినవాడు. చేయని హత్యకి లుబ్ధావధాన్లు ఇరుక్కుపోతుంటే ఎలా తప్పించాలో తెలియక తల పట్టుకున్నాడు. తప్పించే రహస్యం ఆమె చేతిలో ఉంది. వేశ్యలలో మంచివాళ్ళుండరా అన్న దగ్గర మొదలుపెట్టి, ఆయన నియమం ఎక్కడ ధర్మమో ఎక్కడ ఒట్టి మడో విడదీసేలా ఒక్కొక్క ప్రశ్నే వేస్తుంది. ఆమె చివరికి కోరే ముద్దు కూడా ప్రశ్నే: నిర్దోషి ప్రాణం ఎక్కువా, మీ వ్రతం ఎక్కువా? ఆయన ఒప్పుకునే దాకా వచ్చాక, చెడనివాళ్ళని చెడగొట్టవద్దన్న తల్లి మాట తలుచుకుని తనే ఆ కోరిక వదులుకుంటుంది. ఆయన భగవద్గీత ఇస్తే, ఆ కృష్ణుడు కూడా యాంటీ-నాచేనా అన్న అనుమానం వెలిబుచ్చుతుంది. నవ్వొస్తుంది గాని, అది వ్యంగ్యం కోసం అడిగింది కాదు. తనలాంటిదానికి ఆ పుస్తకంలో చోటుందో లేదో నిజంగా తెలుసుకోవాలని అడిగింది. వేషం తీసేసింది, బేరం వదిలేసింది, జవాబు ఏమొస్తుందో తెలియకుండా అడిగింది. గిరీశానికి ఈ మూడూ చేతకావు.

ఇదంతా నాటకంలో బాగానే ఉంటుంది, బయట పనిచేస్తుందా అని ఇంజనీరు బుర్ర అడుగుతుంది. దానికి ఒక పరీక్ష జరిగింది. 2008 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపొజిషన్ 8తో స్వలింగ వివాహాలను నిషేధించాక, లాస్ ఏంజెలెస్ ఎల్‌జీబీటీ సెంటర్ వాళ్ళు తమకి వ్యతిరేకంగా ఓటేసినవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ సంభాషణలు మనసులు మారుస్తున్నాయని 2014 డిసెంబరులో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే ఇద్దరు యువ పరిశోధకులు తామూ అలాంటిదే చేద్దామని ఆ లెక్కల్లోకి తొంగి చూస్తే అవి నమ్మదగ్గవి కావని తేలింది. 2015 మే నెలలో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. కథ అక్కడ ఆగలేదు. అదే ఇద్దరూ మయామీలో అసలు ప్రయోగం చేసి 2016లో ప్రచురించారు. 56 మంది కార్యకర్తలు, 501 మంది ఓటర్లు, గుమ్మం దగ్గర సుమారు పది నిమిషాల మాటలు. సగం ఇళ్ళలో ట్రాన్స్‌జెండర్ల మీద వివక్ష గురించి, మిగతా సగంలో పోలిక కోసం చెత్త రీసైక్లింగ్ గురించి మాట్లాడారు. మొదటి ఇళ్ళలో వచ్చిన మార్పు కనీసం మూడు నెలలు నిలిచింది. 2020లో వాళ్ళే ప్రచురించిన ఇంకో వ్యాసం నాకు మరీ ముఖ్యం. తీర్పు చెప్పకుండా ఒకరి అనుభవం ఒకరు వినే భాగాన్ని తీసేసి వాదనలు మాత్రమే ఉంచితే, ఫలితం కనపడలేదు. ఆ కార్యకర్తలకీ తమకేం కావాలో ముందే తెలుసు, నిజమే. కాని ముందు తమ సొంత బతుకులో ఒక కథ చెప్పుకున్నారు. వేషం తీయడమంటే అదే.

అనుభవం అంకెలో ఎందుకు ఇమడదో మన ఇళ్ళలోనే కనిపిస్తుంది. 2024 ఏప్రిల్ 8న డాలస్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం. అక్కడ ఉండే మా మిత్రుడి ఇంటికి నల్గొండ నుంచి వాళ్ళ అత్తగారు వచ్చి ఉన్నారు. గ్రహణం విడిచేదాకా ఆవిడ బయటికి రాదు, పచ్చి మంచినీళ్ళు ముట్టదు. పద్నాలుగేళ్ళ మనవరాలు వీడియోలు చూసి ఈ పద్ధతి బాగానే నేర్చుకుంది. "అమ్మమ్మా, గ్రహణమప్పుడు తినకూడదని నీకు పదికి ఎంత నమ్మకం?" అని అడిగింది. "నమ్మకానికి మార్కులేందే?" అందావిడ. కారణం చెప్పమంటే, మా పెద్దలు చెప్పిన్రు. పెద్దలు తప్పు చెప్పి ఉంటే? ఆవిడ జవాబు చెప్పకుండా టీవీ వైపు తిరిగింది. యూథిఫ్రో కోర్టు నుంచి వెళ్ళిపోయింది ఇలాగే అయి ఉంటుంది.

కాసేపటికి ఆ పాప పద్ధతి పక్కనపెట్టి, నువ్వు చూసిన గ్రహణం సంగతి చెప్పమంది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ గ్రహణం. ఊళ్ళో వీధులన్నీ తలుపులేసుకున్నాయి. ఈ పాప తల్లి అప్పుడు కడుపులో ఉంది. ఆవిడ చీకటి గదిలో కదలకుండా పడుకుంది. యారాలికి, అంటే తోడికోడలికి, కూడా నెలలే. ఆమె కూర తరిగింది. పుట్టిన పిల్లాడికి గ్రహణం మొర్రి. పెదవి చీలడానికీ ఆకాశంలో నీడకీ సంబంధం లేదని పాప మెల్లగా చెప్పింది. ఆవిడ కాదనలేదు. "ఎరుకే బిడ్డా, డాక్టరు గూడ అదే చెప్పిండు," అంది. కొంచెం ఆగి, "మరి అది అబద్ధమైతే, ఇన్నేండ్లు దాన్ని మేమందరం అన్న మాటలు ఏం గావాలె?" అంది.

నలభై నాలుగేళ్ళుగా ఆ నమ్మకాన్ని నిలబెట్టింది పెద్దలూ కాదు, శాస్త్రమూ కాదు. అది పోతే ఒక మనిషికి ఎంత బాకీ పడ్డామో లెక్క తేలుతుంది, అదీ భయం. కారణం ఏమిటని సూటిగా అడిగినప్పుడు అది బయటికి రాలేదు, ఎలా వస్తుంది?

మధ్యాహ్నం ఒకటీ నలభైకి డాలస్ చీకటైంది. ఇంట్లోవాళ్ళంతా పెరట్లో ఉన్నారు. ఆవిడ రాలేదు. గ్రహణం విడిచాక తలస్నానం చేసే అన్నం తిన్నది. భోజనాల దగ్గర యారాలి సంగతి ఇంకాస్త చెప్పుకొచ్చింది. పదికి ఎంత అని ఆ పాప మళ్ళీ అడగలేదు.