డీఫాల్ట్ ఎంపికలో తెలుగు స్థానం: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఆపరేటింగ్ సిస్టమ్‌ను తొలిసారి స్థాపించినప్పుడు వినియోగదారుడు అడగకుండానే కంప్యూటర్‌లో చేరే సాఫ్ట్‌వేర్ల సముదాయమే డీఫాల్ట్ ఇన్‌స్టాల్. ఇది కేవలం సాంకేతిక నిర్ణయంగా కనిపించినప్పటికీ, స్వభావరీత్యా సంకలనకర్త చేసే పనికి సన్నిహితమైనది. సంకలనంలో చోటు దక్కిన రచన అందరికీ చేరుతుంది. దక్కనిది వెతికేవారికే మిగులుతుంది.

ఈ ఎంపికకు సాధారణంగా చెప్పే ప్రమాణం అధికసంఖ్యాకుల అవసరం. 2004లో వెలువడిన ఉబుంటు ఒక్కొక్క పనికి ఒక్కొక్క సాఫ్ట్‌వేర్‌ను ఎంచి, మొత్తాన్ని ఒకే సీడీలో ఇమిడ్చింది. 2010లో వచ్చిన 10.04లో చిత్రాలను సవరించే గింప్‌ను డీఫాల్ట్ నుంచి తొలగించింది. 2023లో వచ్చిన 23.10లో కనిష్ఠ స్థాపననే డీఫాల్ట్‌గా చేసి, లిబ్రెఆఫీస్ వంటివాటిని ఐచ్ఛికం చేసింది. ఈ నిర్ణయాలు సమర్థనీయాలే. గింప్ కావలసినవారికి దాని పేరు తెలుసు. వారు దానిని తెచ్చుకోగలరు.

అయితే ఇదే ప్రమాణాన్ని లిపికి అన్వయించినప్పుడు చిక్కు ఏర్పడుతుంది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీకి గౌతమి ఫాంటు ఉన్నా, ఆంగ్ల కూర్పులో తెలుగు సక్రమంగా కనిపించాలంటే సంక్లిష్ట లిపులకు సంబంధించిన ఫైళ్లను విడిగా చేర్చుకోవలసి వచ్చేది. ఆ పద్ధతిని వివరించే తెలుగు పుటను చదవడానికే ఆ ఫైళ్లు అవసరం! తర్వాతి విస్టాలో ఈ ఇబ్బంది తొలగింది. విండోస్ 10లో నిర్మలా యూఐ డీఫాల్ట్‌గా నిలిచి, గౌతమి, వాణి ఐచ్ఛిక విభాగానికి మారాయి. తెలుగును చేర్చుకోని యంత్రంలో గౌతమితో కూర్చిన సిద్ధాంత వ్యాసాన్ని తెరిస్తే, అక్షరాలు కనిపించినా వేరొక ఫాంటు వచ్చి పంక్తులు, పుటల అమరిక మారే అవకాశముంది.

డెబియన్‌లో ప్యాకేజీల వాడకాన్ని లెక్కించే పాపులారిటీ కాంటెస్ట్ అనే ఏర్పాటు ఉంది. అయితే అందులో స్వచ్ఛందంగా చేరినవారే లెక్కకు వస్తారు. అటువంటి గణాంకాలు వాడకాన్ని సూచిస్తాయి గాని, లేమి కలిగించే నష్టాన్ని సూచించలేవు.

కనుక ‘ఎంతమంది వాడతారు?’ అన్న ప్రశ్నకు ముందు ‘ఇది లేనప్పుడు, లేదన్న సంగతిని వినియోగదారుడు తన భాషలో తెలుసుకొని తెచ్చుకోగలడా?’ అన్న ప్రశ్న వేయాలి. తెచ్చుకోగలిగినవాటిని ఐచ్ఛికం చేయవచ్చు. ఫాంటు, కీబోర్డు అమరిక అటువంటివి కావు. మిగిలినవాటిని అడగడానికి అవే ఆధారం. వాటికి డీఫాల్ట్‌లో చోటు కల్పించడం ఒక భాషకు చేసే ఉపకారం కాదు, ఎంపిక అనే ప్రక్రియకే ప్రాథమిక నియమం.