ఆటిజమును గూర్చి ఏ గ్రంథములు చదువవలెను?

సాక్చిలోని రవీంద్ర భవన ప్రాంగణమున టాగోర్ సొసైటీవారు జరుపు పుస్తక ప్రదర్శనమునకు ఒక యేడు మా పొరుగింటి తెలుగు గృహిణితో కలసి పోయితిని. ఆమె అత్తవారు మూడు తరముల క్రిందట శ్రీకాకుళమునుండి ఉక్కు కర్మాగారములోని పనికై ఈ ఊరు చేరినవారు. ఆమె కుమారునకు ఏడేండ్లు వచ్చినను మాట రాలేదు. వైద్యులు ఆటిజమని నిర్ణయించిరి. అచ్చటి అంగళ్లలో ఈ విషయమునకు సంబంధించిన పుస్తకములు హిందీ, బెంగాలీ, ఇంగ్లీషులలో నాలుగైదు దొరకినవి. అన్నియు వైద్యులో, ఉపాధ్యాయులో, తల్లులో వ్రాసినవి. ఆమె వానిని తిరుగవేసి చూచి, “ఇందులో మావాడి మాట ఏదండీ, మాస్టారూ?” అని అడిగినది. ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

వెలుపలివారి వ్రాతలు పనికిరానివని నా అభిప్రాయము కాదు. 1943 లో లియో కానర్ పదునొకండుగురు పిల్లలను వర్ణించిన వ్యాసము నేటికిని చదువదగినది. ఆతని చూపు సూక్ష్మమైనది. కాని చూచినదానికి కారణము చెప్పవలసివచ్చినపుడు ఆ తరమువారు తప్పుదారి పట్టిరి. 1967 లో బ్రూనో బెటెల్‌హైమ్ ప్రకటించిన ‘ది ఎంప్టీ ఫోర్‌ట్రెస్’ తల్లిదండ్రుల ప్రేమరాహిత్యమే బిడ్డను ఈ స్థితికి తెచ్చినదని వాదించినది. అంతకు మూడేండ్ల ముందే, ఆటిజము గల కుమారుని తండ్రియైన బెర్నార్డ్ రిమ్లండ్ ఆ వాదమును తన గ్రంథమున ఖండించియుండెను. అయినను తల్లులు ఆ నిందను చాలకాలము మోసిరి. మన ఇండ్లలో అది వేరు రూపమున నేటికిని వినవచ్చుచునే యున్నది.

లోపలి వాక్కు మొదట బిగ్గరగా వినిపించినది టెంపుల్ గ్రాండిన్ రచనలలో. 1986 నాటి ‘ఎమర్జెన్స్’ ఆటిజమునుండి బయటపడిన స్త్రీ కథగా లోకమునకు పరిచయమైనది. 1995 నాటి ‘థింకింగ్ ఇన్ పిక్చర్స్’ లో ఆమె తాను బయటపడలేదనియు, ఆటిజముతోనే ఆలోచించుచున్నాననియు నిలిచి చెప్పినది. ఆటిజము గలవారందరును బొమ్మలుగా ఆలోచింతురని తాను తలచుట పొరపాటని తరువాతి ముద్రణలో ఒప్పుకొనినది. తన పుస్తకమును తానే దిద్దుకొను రచయితపై నాకు గౌరవము మెండు. శైలి మాత్రము పొడిది. ఆస్ట్రేలియా రచయిత్రి డోనా విలియమ్స్ 1992 లో ప్రకటించిన ‘నోబడీ నోవేర్’ లో సాహిత్యపు తడి యెక్కువ, క్రమము తక్కువ.

తల్లిదండ్రులు అన్నిటికంటె ముందు చదువవలసినది గ్రంథము కాదు, కొలది పుటల వ్యాసము: 1993 లో జిమ్ సింక్లెయిర్ వ్రాసిన ‘డోంట్ మోర్న్ ఫర్ అజ్’. మీ దుఃఖము మీరు కోరుకొనగా రాని బిడ్డను గూర్చినది, ఎదుట నున్న ఈ బిడ్డను గూర్చినది కాదు అని అందలి సారాంశము. కఠినమైన మాట. అయినను అందు ద్వేషము లేదు.

ఇక మన దేశపు రచయిత. 1989 లో జన్మించిన టీటో రాజర్షి ముఖోపాధ్యాయునకు నోటి మాట దాదాపు లేదు. ఎనిమిదవ యేటినుండి పదునొకండవ యేటివరకు వ్రాసిన రచనలు 2000 లో ఇంగ్లండున ‘బియాండ్ ది సైలెన్స్’ అను పేరను, పిదప అమెరికాలో ‘ది మైండ్ ట్రీ’ అను పేరను వెలువడినవి. మనస్సు గలిగియు పలుకలేని యొక మఱ్ఱిచెట్టు కథ అందున్నది. చెట్టునకు తెలియును, చెట్టు వినును, ఎవరును చెట్టు నడుగరు. బాలుని రచనలో అంత సంయమము అరుదు. 2008 నాటి ‘హౌ కెన్ ఐ టాక్ ఇఫ్ మై లిప్స్ డోంట్ మూవ్?’ లో అద్దములు, నీడలు, శబ్దములు బాలుని లోకమును ఎట్లు ముక్కలు చేసెనో కానవచ్చును. 2015 నాటి ‘ప్లాంక్టన్ డ్రీమ్స్’ ప్రత్యేక విద్యాలయములపై పరిహాసము; ప్రకాశకులు దానిని వెల లేకయే చదువుకొననిచ్చుచున్నారు. విచారమునే ఆశించి చదువువారు ఆ నవ్వునకు తడబడుదురు.

ఇచ్చట ఒక చిక్కును దాచరాదు. తల్లి సోమ అక్షర ఫలకముతో కుమారునకు నేర్పిన పద్ధతిని అమెరికాలోని వాక్చికిత్సకుల సంఘము 2018 లో ఆమోదింపలేదు. ఫలకము పట్టినవారి ప్రేరణ మాటలలో కలియవచ్చునని దాని శంక. జపాను బాలుడు నవోకి హిగాషిదా వ్రాసిన ‘ది రీజన్ ఐ జంప్’ కును ఇట్టి శంకయే సోకినది. టీటో స్వహస్తముతో వ్రాయుట చూచితిమని పలువురు చెప్పియున్నారు కనుక ఆతని గ్రంథములను నేను నమ్మి చదువుదును. కాని ఒకని గ్రంథము నిజమైనంత మాత్రమున ఆ పద్ధతి ప్రతి బిడ్డకును పలుకు నిచ్చునని ఏ తల్లికిని చెప్పజాలను.

ఇవి తెలుగున రావలెనన్నచో పదము దగ్గరనే చిక్కు. 1911 లో బ్లూలర్ వాడుకలోనికి తెచ్చిన మూలపదములో ‘తాను’ అను నర్థమున్నది. హిందీవారు దానిని ‘స్వలీనత’ యనిరి. టీటోను చదివినవానికి ఈ మాట రుచింపదు; ఆతని బాధ తనలో తాను లీనమగుట కాదు, శరీరము తన మాట వినకుండుట. తీర్పును మోయు సంస్కృత పదముకంటె ‘ఆటిజము’ అను పరాయి మాటయే మేలు. మన పత్రికలు వాడు ‘బుద్ధిమాంద్యము’ పూర్తిగా తప్పు.

సాక్చి వీధిలో హిందీ, పొరుగున బెంగాలీ, బడిలో ఇంగ్లీషు వినబడుచుండగా ఇంట తెలుగు మానివేయుడని ఆ తల్లికి ఎవరో సలహా యిచ్చిరట. రెండు భాషలు వినుట ఇట్టి పిల్లల భాషకు హాని చేయునని ఇంతవరకు జరిగిన పరిశోధనలు చూపలేదు. ఆ మాట చెప్పి, మఱ్ఱిచెట్టు కథను ఆమెకు తెలుగున చెప్పితిని. పిల్లవాడు గది మూలన మాకు వీపు త్రిప్పి కూర్చుండెను. కథ సగములో నే నాపగా ఆతని యూగుట నిలిచినది. ఆమె నావైపు చూచి, “ఆపకండి మాస్టారూ, తక్కినది కూడ చెప్పండి” అనినది.