పాత క్యాబినెట్టులో గృహ ఫైలు సర్వరు: ఒక విమర్శ

2025 అక్టోబరు 14వ తేదీన గూగుల్ సంస్థ విశాఖపట్టణమున బృహత్తరమైన దత్తాంశ కేంద్రమును నెలకొల్పెదమని ప్రకటించినది. ఐదేండ్లలో దానికై వెచ్చింపదలచిన మొత్తము సుమారు 1,500 కోట్ల డాలర్లు. అది వినియోగించు విద్యుత్తు గిగావాట్ల లెక్కలో నుండును. ఒక గిగావాట్టనగా నూరు కోట్ల వాట్లు. ఇక రెండవ కొసను, పాత కంప్యూటరు పెట్టెలో కేవలము 20 వాట్లతో నడచు చిన్న భాండారమును ఇంటి మూలనే అమర్చుకొనవలెనను ఉత్సాహవంతులు గలరు. ఒక గిగావాట్టుతో ఇట్టివి ఐదు కోట్లు నడపవచ్చును. ఈ రెండింటిని పోటీకి నిలుపుట నా యుద్దేశము కాదు. రెండవదానిని గూర్చి వినవచ్చు ప్రశంసలలో నిజమెంత, అత్యుక్తి యెంత యని తూచి చూచుటయే ఈ వ్యాసము పని.

ఫైలు సర్వరనగా తెర, కీబోర్డు లేక రేయింబవళ్లు నడచు ఒక కంప్యూటరు. అది తీగద్వారా రౌటరునకు కలుపబడియుండును. ఇంటిలోని ఫోనులు, కంప్యూటరులు తమ చిత్రములను, పత్రములను దానియందు దాచి, కావలసినప్పుడు తీసికొనును. దీనికి వలయు సాఫ్ట్‌వేరు డెబియన్, ఓపెన్ మీడియా వాల్ట్, ట్రూనాస్ మొదలగు పేర్లతో ఉచితముగనే లభించును. ఆ భాగమున చెప్పుకొనదగిన చిక్కు లేదు. చిక్కంతయు పెట్టెలోనే యున్నది.

ఈ ఏర్పాటు చవుకయైనదనియు, విద్యుత్తును స్వల్పముగ వాడుననియు, నిశ్శబ్దముగ నుండుననియు దీనిని మెచ్చువారు చెప్పుదురు. పాత పెట్టె వాడుటచేతనే ఈ మూడు గుణములును వాటంతట అవి సిద్ధించునని వినువారికి తోచును. అట్లు సిద్ధింపవు. మన ప్రాంతమున ఆ పెట్టెనంతటిని కలిపి ‘సి.పి.యు.’ అని పిలుచుట వాడుక. నిజమునకు సి.పి.యు. అనగా లోపలి మదర్‌బోర్డుపై నుండు అరచేతిలో నిముడు ప్రాసెసరు మాత్రమే. పేరు తప్పైనంత మాత్రమున ప్రమాదము లేదుకాని, పెట్టె వేరు, పెట్టెలోని సరకు వేరు అను భేదమును ఆ పేరు మరపించును. నా విమర్శయంతయు ఈ భేదముమీదనే నిలిచియున్నది.

ముందు పెట్టెకు న్యాయము చేయుదము. 1995లో ఇంటెల్ సంస్థ ఎ.టి.ఎక్స్. అను కొలతల ప్రమాణమును ప్రకటించినది. మదర్‌బోర్డునకు మరలు ఎచ్చట బిగింపవలెనో, వెనుకవైపు రంధ్రము ఎంత యుండవలెనో అందు నిర్ణయింపబడెను. 2001లో వయా సంస్థ 17 సెంటీమీటర్ల చదరముగల మినీ ఐ.టి.ఎక్స్. బోర్డును తెచ్చినప్పుడు దాని నాలుగు మరల స్థానములను పాత ప్రమాణములోని స్థానములతో సరిపోవునట్లే యుంచెను. కనుకనే పాతికేండ్లనాటి క్యాబినెట్టులో నేటి చిన్న బోర్డు చక్కగ కూర్చుండును. యంత్రపరికరములలో ఇంతకాలము చెల్లిన ప్రమాణములు అరుదు. నాటి క్యాబినెట్టులలో సి.డి. డ్రైవులకై వదలిన వెడల్పైన అరలు హార్డ్‌డిస్కులను ఎడముగ నుంచుటకు ఎంతయు అనుకూలములు. ఉక్కు నగరమున నున్నవారికి ఉక్కు రేకు విలువను వేరుగ చెప్పనక్కరలేదు. పెట్టెను ఉంచుకొనుట మంచి యాలోచనయే.

లోపలి సరకు విషయము అట్లు కాదు. 2006-2010 ప్రాంతమునాటి డెస్క్‌టాప్ కంప్యూటరు ఏ పనియు చేయక ఊరక యున్నప్పుడును 60 నుండి 80 వాట్ల వరకు తీసికొనుట సామాన్యము. ఒక వాట్టు ఏడాది పొడవున ఆగక నడచినచో 8.76 యూనిట్లగును. కావున 80 వాట్ల యంత్రము సంవత్సరమునకు 701 యూనిట్లు, 20 వాట్ల యంత్రము 175 యూనిట్లు వాడును. భేదము 526 యూనిట్లు. యూనిటు 6 రూపాయలని యనుకొన్నచో 3,156 రూపాయలు. సామాన్యమైన క్రొత్త క్యాబినెట్టు వెల ఇంచుమించు ఇంతే. అనగా పాత కంప్యూటరును ఉన్నదున్నట్లు సర్వరుగ వాడువారు పెట్టె కొనకుండుటచే మిగిల్చినదానిని ఒక్క ఏటిలో మీటరునకు సమర్పించుకొనుచున్నారు. చవుక యను మాట పెట్టెకు చెల్లును, పాత ప్రాసెసరునకు చెల్లదు.

ఈ లెక్కను విద్యార్థులు స్వయముగ సరిచూడవచ్చును. ఇంటి విద్యుత్ మీటరుపై ఒక ఎఱ్ఱని దీపము మిణుకుమిణుకుమనుచుండును. యూనిటునకు ఎన్ని మిణుకులో మీటరుమీదనే వ్రాసియుండును. 3,200 అని యున్నదనుకొందము. ఇంటిలోని తక్కిన వస్తువులన్నియు ఆపి సర్వరును, రౌటరును మాత్రము నడిపి, రెండు మిణుకుల నడుమ కాలమును గడియారముతో కొలువవలెను. 80 వాట్లైనచో 14 సెకనులకొకసారి, 20 వాట్లైనచో 56 సెకనులకొకసారి దీపము మిణుకును. రౌటరును మాత్రమే నడిపి మరల కొలిచి దాని వాటాను తీసివేసినచో సర్వరు లెక్క తేలును. అంగడివాని మాటకంటె ఈ దీపము సాక్ష్యము నమ్మదగినది.

బోర్డు మార్చినంత మాత్రమున చాలదు. దుకాణములలో ఎస్.ఎం.పి.ఎస్. అని పిలువబడు పాత విద్యుత్ పెట్టెను అట్లే ఉంచువారు గలరు. అది 450 వాట్ల భారమునకై కట్టబడినది. 2004లో ఆరంభమైన 80 ప్లస్ ప్రమాణము సైతము మొదట 20, 50, 100 శాతముల భారమువద్ద మాత్రమే దక్షతను పరీక్షించినది. మన 20 వాట్లు దాని భారములో 5 శాతమైనను కాదు. అంతటి స్వల్ప భారమున దక్షత 60 శాతమునకు దిగినచో గోడనుండి 33 వాట్లు లాగవలసివచ్చును. తగిన పరిమాణముగల అడాప్టరు 85 శాతము దక్షతతో నడచినచో 24 వాట్లు చాలును. నిండుబస్తాలు మోయవలసిన లారీతో ఉత్తరమొకటి పంపినట్లున్నది.

అయినను ఈ పాత ఎస్.ఎం.పి.ఎస్. పక్షమున ఒక మాట చెప్పవలసియున్నది. దానిలో ఒక లావుపాటి కెపాసిటరుండును. మన 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు ఏకముఖమైనప్పుడు దాని శిఖరము సుమారు 325 వోల్టులు. కెపాసిటరు విలువ 220 మైక్రోఫారడులైనచో అందు నిలువయుండు శక్తి, ½CV² సూత్రము ననుసరించి, 11.6 జౌలులు. అందు సగమే పనికివచ్చునని తీసికొన్నను 33 వాట్ల భారమునకు సెకనులో ఆరవవంతు కాలము సరిపోవును. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకొనునంతలో గడచు కాలము సాధారణముగ దీనికంటె తక్కువ. కావున యంత్రము ఆగదు. 350 వాట్లు లాగునప్పుడైనచో ఆ శక్తియే సెకనులో అరువదవవంతునకు మించి రాదు. కాని పదిహేనేండ్ల కెపాసిటరులోని ద్రవము ఎండి, దాని విలువ తగ్గియుండుటయు సహజమే. అందుచేత అడాప్టరునే యెన్నుకొని, దానికి తోడుగ ఒక చిన్న యు.పి.ఎస్. పెట్టుట మేలని నా అభిప్రాయము. ఫైలు వ్రాయుచుండగా నడుమ కరెంటు పోవుటవంటి ఆపద డిస్కునకు మరియొకటి లేదు.

నిశ్శబ్దమును గూర్చి చెప్పు మాటలలో నిజమే యెక్కువ. ఫ్యాను వేగము సగము చేసినచో వీచు గాలి సగమగును. దానికి వలయు శక్తి ఎనిమిదవ వంతునకు తగ్గును. చప్పుడు సుమారు 15 డెసిబెలులు తగ్గును. అందుచే 80 మిల్లీమీటర్ల ఫ్యాను వడిగ తిరుగుటకంటె 120 మిల్లీమీటర్ల ఫ్యాను మెల్లగ తిరుగుట మేలు. పాత క్యాబినెట్టులలో చిన్న ఫ్యాను రంధ్రమే యుండుట వాటి లోపము. రేకు కోయించి పెద్దది చేయింపవచ్చును.

ఫ్యాను సద్దుమణగిన పిమ్మట డిస్కుల గొంతు వినబడును. నిమిషమునకు 5,400 చుట్లు తిరుగు డిస్కు సెకనునకు 90 కంపనములు పుట్టించును. రెండు డిస్కుల వేగములు సరిగ నొక్కటి కావు. ఒకటి 90, మరియొకటి 89.9 అయినచో పది సెకనులకొకసారి హోరు హెచ్చి తగ్గును. భౌతికశాస్త్ర పాఠములోని విస్పందనములు ఇవియే. ప్రయోగశాలలో రెండు శ్రుతిదండములతో చూపు దానిని రాత్రివేళ ఇంటిలో ఊరకనే వినవచ్చును! పలుచని రేకు సహజ పౌనఃపున్యము దీనికి చేరువైనచో అనునాదమేర్పడి పెట్టెయంతయు మ్రోగును. డిస్కు మరలవద్ద పాత సైకిలు ట్యూబు ముక్కలను పెట్టినచో ఇది చాలవరకు తగ్గును. అయితే రబ్బరు ఉష్ణమునకును అడ్డే. లోహముగుండా పోవలసిన వేడి పోదు కనుక డిస్కుల మీదుగ కొంచెము గాలి వీచునట్లు చూడవలెను.

ఇచ్చట మన ఊరి సంగతి రాక తప్పదు. ఫ్యానే లేని నిశ్శబ్ద యంత్రములను పొగడు వ్రాతలు చాలవరకు చల్లని దేశములనుండి వచ్చినవి. వారి గది 20 డిగ్రీలు. మన వేసవి గది 35 డిగ్రీలు. డిస్కు గదికంటె 15 డిగ్రీలు వేడిగ నుండునన్నచో అచ్చట 35, ఇచ్చట 50. అనేక డిస్కులకు తయారీదారులు నిర్ణయించిన హద్దు 60 డిగ్రీలు. వారి సలహాను అక్షరాల పాటించుట మనకు క్షేమము కాదు.

సముద్రపుగాలి మరియొక చిక్కు. గాలిలోని ఉప్పు సూక్ష్మరేణువులుగ వచ్చి బోర్డుపై నిలుచును. సాపేక్ష ఆర్ద్రత 75 శాతము దాటినప్పుడు ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొని నీరగును. వానకాలమున వంటింటి ఉప్పుజాడీని చూచినవారికి ఇది తెలిసినదే. ఆ ఉప్పునీటి పొర విద్యుత్తును ప్రవహింపజేయును, రాగిని, ఉక్కును తినివేయును. ఓడరేవు దరినున్న ఇండ్లలో బొగ్గు, ఖనిజముల ధూళి కూడ దీనికి తోడగును. అట్లైనచో విశాఖలో రేయింబవళ్లు నడచు యంత్రము త్వరగ చెడవలెను గదా? నిజము దీనికి విరుద్ధము. గదిలో 30 డిగ్రీలవద్ద ఆర్ద్రత 80 శాతమున్నదనుకొందము. పెట్టెలోపల 5 డిగ్రీలు వేడి హెచ్చినచో, నీటి ఆవిరి అంతే యున్నను, సాపేక్ష ఆర్ద్రత 60 శాతమునకు తగ్గును. ఉప్పు పొడిగనే యుండిపోవును. వృథాయని మనము లెక్కించిన ఆ 20 వాట్ల వేడి ఇచ్చట కాపలా కాయుచున్నది. అప్పుడప్పుడు నడిపి ఆర్పివేయు యంత్రమే తడిసి చెడును. కనుక మన తీరమున తగినది ఫ్యాను లేని యంత్రమును కాదు, ఫ్యాను హోరెత్తు యంత్రమును కాదు. గాలి వచ్చు రంధ్రమునకు జల్లెడ గుడ్డ కట్టిన, మెల్లగ తిరుగు ఒక్క పెద్ద ఫ్యానుగల యంత్రము. పాత క్యాబినెట్టు రేకును కోసిన అంచులకు మాత్రము రంగు వేయవలెను. తుప్పు అచ్చటనే మొదలిడును.

డిస్కులు కొనునప్పుడు జాగ్రత్త వలయును. పెంకుటింటి కప్పుమీద పెంకులవలె ట్రాకులు ఒకదానిపై నొకటి కొంత కప్పుకొనియుండు పద్ధతి యొకటి గలదు. అందు ఒక ట్రాకును తిరిగి వ్రాసినచో పక్కది చెడును గనుక వరుసనంతటిని వ్రాయవలసివచ్చును. పెద్ద కంపెనీలు ఇట్టి డిస్కులను ఆ సంగతి తెలుపకయే అమ్మినట్లు 2020లో బయటపడినది. అరుదుగ మార్చు చిత్రములకు ఇవి పనికివచ్చును. చెడిన డిస్కు స్థానమున నూతన డిస్కును నింపునప్పుడు విసుగు పుట్టించును.

ఇంత శ్రమపడి కట్టిన దానిలో ఒకే సరకును రెండు డిస్కులలో నుంచి ‘ఇక భయము లేదు’ అనుకొనువారే నన్ను ఎక్కువ కలవరపరచువారు. ఈ జంట డిస్కుల యాలోచన 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమున పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనువారు ప్రకటించిన రెయిడ్ పద్ధతులలో మొదటిది. అది డిస్కు చెడినను పని ఆగకుండ చూచునే గాని ప్రతిని కాపాడదు. పొరపాటున ఒక ఫైలును చెరపినచో రెండింటను అదే క్షణమున చెరగిపోవును. పిడుగు పడినను, నీరు చేరినను రెండును ఒక్కటే పెట్టెలో నున్నవి.

2014 అక్టోబరు 12వ తేదీని విశాఖవాసులు మరువరు. హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో ఈ నగరముననే తీరము దాటినది. దినముల తరబడి కరెంటు లేదు, ఫోనులు లేవు. దూరపు కంపెనీల యంత్రములలో దాచినవి పదిలముగ నున్నను నాడు చేతికి అందలేదు; ఇంటిలో దాచినవాటిలో కిటికీ విరిగిన గదిలోనివి తడిసినవి. రెండు పక్షములవారును ఆనాటి అనుభవముతో తమ వాదమును సరిచూచుకొనవలెను. కంపెనీల ఔదార్యము కూడ శాశ్వతము కాదు. చిత్రములను పరిమితి లేక ఉచితముగ దాచు సౌకర్యమును గూగుల్ 2021 జూన్ 1వ తేదీనుండి నిలిపివేసినది. ఇల్లు మనది, యంత్రము మనది అను ధీమాకు సముద్రము ఒడ్డున అంతకంటె ఎక్కువ ఆయుష్షు లేదు.

ఇంటి దస్తావేజుల నకళ్లు, పిల్లల చిన్ననాటి చిత్రములు, గతించిన పెద్దల కంఠధ్వనులు, ఉపాధ్యాయులు ఏండ్ల తరబడి తయారుచేసికొన్న పాఠములు ఆ పెట్టెలో నుండును. పెట్టె పోయిన మరియొకటి దొరకును, ఇవి దొరకవు. కనుక మూడవ డిస్కొకటి కొని, నెలకొకసారి ప్రతి వ్రాసి, సర్వరునుండి విడదీసి, ఊరికి దూరముగ నుంచవలెను. విజయనగరమున బంధువులున్నారని అచ్చట దాచిన చాలదు. హుద్‌హుద్ ఆ జిల్లాను సైతము విడువలేదు. హైదరాబాదులో మేనమామయో పిన్నియో ఉన్నచో సెలవులకు పోవునప్పుడు ఒక డిస్కు తీసికొనిపోయి, అచ్చట నున్న పాతదానిని వెనుకకు తెచ్చుకొనవచ్చును.